పెట్టెలు సమం చేసిన పొద్దున

పోయినవి ముందు చెప్పేస్తాను. ఒంటి మీద నాలుగు కిలోల బరువు. అంబులెన్సులో ఎక్కడో జారిపోయిన తోలు చెప్పుల జత. ఎమ్మిగనూరులో కొలత ఇచ్చి కుట్టించుకున్నవి, ఇంకా మడమ దగ్గర అరగను కూడా లేదు. మా ఆవిడ ఇష్టపడి కొన్న రెండు కిలోల ఖర్జూరం, ఆసుపత్రి మంచం కింద చీమలు పట్టి. దుబాయి హోటలు గదిలో మరిచిపోయిన కొక్కెం కాటా. నాలుగు దుకాణాల్లో నెల రోజుల పని. ఆదోని పత్తి యార్డులో ఒక పూర్తి సీజను. వీటిని డబ్బులోకి మార్చి చాలాసార్లు కూడి చూశాను, మొత్తం ఎప్పుడూ ఒకటే వస్తుంది. కూడికకు లొంగనిది ఒక్కటే మిగిలింది. మా బావ నన్ను తన సరుకు మోసే మనిషిగా వాడుకున్నాడా లేదా? అది తేలి ఉంటే మిగతాదంతా ఖర్చు కింద రాసేసి ఊరుకునేవాణ్ణి.

నాది ఎమ్మిగనూరు. ఏడో తరగతితో బడి ఆగింది. నూలు దుకాణంలో కట్టలు మోసే రోజుల్లో షావుకారు కాగితం మీద కూడేదాన్ని వెనక నిలబడి మనసులో కూడేవాణ్ణి. అలా లెక్క పట్టుబడింది. ఇప్పుడు యాభై రెండేళ్లు. నాలుగు దుకాణాలకు లెక్కలు చూస్తాను. పత్తి వచ్చే నెలల్లో మాత్రం పొద్దున్నే బస్సెక్కి ఆదోని వెళ్లేవాణ్ణి. మా అక్కను ఇచ్చింది ఆదోనిలోనే. బావకు యార్డులో మండీ ఉంది. రైతులు తెచ్చిన పత్తిని అమ్మించి కమీషను తీసుకునే వ్యాపారం. ఆయన కాటా పక్కన కూర్చునేది నేను.

అక్కడ నాకొక పద్ధతి ఉంది. రైతు తెచ్చే బోరాల్లో, అంటే పత్తి సంచుల్లో, ఒకటి బిగుతుగా ఉంటుంది, ఇంకొకటి వదులుగా. ఎత్తు పల్లాలు చూస్తే కొనేవాడు ఏదో ఒక పేచీ పెట్టి తూకంలో తరుగు కోస్తాడు. అందుకని నేను ముందే నిండు బోరాలోంచి తీయించి వదులు దాంట్లో వేయించి, అన్నిటినీ ఒకే తూకానికి తెస్తాను. చివరికి ముల్లు సరిగ్గా గీత మీద నిలిచేదాకా గుప్పెడు, ఆ తర్వాత చిటికెడు, అటూ ఇటూ మారుస్తాను. యార్డులో హమాలీలు నన్ను చూసి నవ్వుకుంటారు. నవ్వుకున్నా నేను సమం చేసిన లాటు మీద పేచీ తక్కువ.

పోయిన ఏడు, ఇంకా పత్తి మొదలు కాకముందు, బావ మండీలో కూర్చోబెట్టి చెప్పాడు.

"దుబాయి పోదామప్పా. మీరిద్దరు, మేమిద్దరం. ఐదు దినాలు. ఆడ ఇప్పుడు ఎండలు, అందుకే రేటు సగానికి సగం పడిపోయింది."

"ఎండకు ఆదోని చాలదా బావా? దాని కోసం ఇమానం ఎక్కల్లా?"

"నువ్వు రాకుంటే ఆడ లెక్కలు ఎవురు జూస్తారు? నన్ను నిలువునా ముంచుతారు ఆ దేశంలో."

అప్పుడే నాకు మనసులో ఏదో గుచ్చుకుంది. అక్కతో పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆయన నన్ను పక్కనున్న మంత్రాలయానికి కూడా పిలవలేదు. తన కారులో తను వెళ్లి వచ్చి, ప్రసాదం పంపేవాడు. అలాంటి మనిషి సముద్రం దాటి తీసుకుపోతానంటే ఎందుకని అడగబుద్ధి అవుతుంది. ఇంటికి వచ్చి మా ఆవిడతో అదే అన్నాను.

"నీకు ఎవురైనా మంచినీళ్లిచ్చినా గ్లాసు అడుగు జూసి తాగుతావు," అంది ఆవిడ. "అన్న పిలిచినాడు, వదిన వస్తాంది. నేనెప్పుడూ ఇమానం ఎక్కలేదు. పోదాం."

మా ఇద్దరి ఖర్చు నేనే కట్టాను. ఒక చీటీ పాడి ఎత్తాను. బావ ఒక్క పైసా పెట్టలేదు, నేను పెట్టనివ్వలేదు. ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

దుబాయి గురించి రాయడానికి పెద్దగా లేదు. ఎత్తయిన మేడలు, చల్లటి గదులు, బయట అడుగు పెడితే మొహానికి పొయ్యి సెగ. నేను ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చేవాణ్ణి. నీళ్ల సీసా ధర మార్చినప్పుడల్లా దప్పిక తగ్గిపోయేది. హోటల్లో పొద్దున పలహారం దగ్గర నీళ్లు ఉచితం కాబట్టి రెండు గ్లాసులు తాగి, మళ్లీ సాయంత్రం గదికి వచ్చాకే తాగేవాణ్ణి. నాకు షుగరుంది. మాత్రలు తప్పకుండా వేసుకున్నాను, నీళ్ల సంగతి పట్టించుకోలేదు.

బంగారం బజారుకు మూడో రోజు వెళ్లాం. కిటికీల నిండా హారాలు, వడ్డాణాలు, మనిషి ఛాతీని కప్పేసేంతవి. బావ అద్దానికి ముక్కు ఆనించి చూశాడు.

"మన జొన్నగిరిలో నాలుగు చినుకులు పడితే జనం వజ్రం కోసం పొలాల్లో నడుం వంచి ఎతుకుతారు. ఈడ చూడప్పా, తోటకూర కట్టల మాదిరి యేలాడదీసినారు."

ఆడవాళ్లిద్దరూ నవ్వారు. కొనడం మాత్రం ఎవరూ కొనలేదు. అక్క ఒక జత కమ్మలు బేరం చేసి వదిలేసింది. ఆ మరుసటి రోజు మధ్యాహ్నం బావ ఒక్కడే బయటికి వెళ్లాడు. మన వైపు మనిషి ఎవరో కనిపించాడని, టీ తాగి వస్తానని చెప్పాడు. గంటకు పైగా పట్టింది. వచ్చాక ఆ మనిషిది ఏ ఊరని అడిగాను. "ఆలూరు దగ్గరలే," అన్నాడు. ఆలూరు దగ్గర ఏ ఊరని అడిగితే స్నానానికి లేచి పోయాడు.

బయల్దేరే రోజు పొద్దున లేచేసరికి నాకు నడుము పట్టేసినట్టుంది, నోరు చేదుగా ఉంది. పట్టించుకోలేదు. పెట్టెల పని ఉంది. మనిషికి ఇరవై ఐదు కిలోలు, దాటితే కిలోకు ఇంతని వసూలు చేస్తారు. నేను ఊరి నుంచి తెచ్చుకున్న కొక్కెం కాటాకు నాలుగు పెట్టెలూ తగిలించి ఎత్తి చూశాను. బావది ఇరవై ఎనిమిది. అక్కది ఇరవై ఆరున్నర. మా ఆవిడది ఇరవై నాలుగు. నాది ఇరవై ఒకటి. మొత్తం తొంభై తొమ్మిదిన్నర. నాలుగు ఇరవై ఐదులు వంద. అంటే సర్దుకుంటే చాలు, పైసా కట్టనక్కర్లేదు. అర కిలో మిగులు కూడా ఉంది.

అన్నీ మా గదిలో నేల మీద విప్పి పెట్టాను. బావ మంచం మీద కాళ్లు చాపి చూస్తున్నాడు.

"యార్డు ఈడికే వచ్చినట్టుందే. హమాలీని నేనైతే కూలి ఎంత?"

"నువ్వు కదలకుండా కూచుంటే అదే కూలి బావా."

ఆయన పెట్టెలోని ఇస్త్రీ పెట్టె, బాదం పొట్లాలు నా పెట్టెలోకి మార్చాను. అక్క కొన్న చెప్పుల పెట్టె కూడా నా దాంట్లోకే. ఖర్జూరం మా ఆవిడ దాంట్లోకి. తర్వాత చిన్న చిన్నవి. చివరికి నా పెట్టె కాస్త ఎక్కువ తూగితే, నా మందుల సంచి తీసి అక్క పెట్టెలో వేశాను. ఇది నాకు స్పష్టంగా గుర్తుంది. నాలుగూ ఇరవై ఐదుకు అటూ ఇటూగా నిలిచాయి. నాది, బావది సరిగ్గా గీత మీద నిలిచాయి. ఆ తృప్తితో లేవబోతే కళ్లు తిరిగాయి. కాటా మంచం పక్కన పెట్టినట్టున్నాను, అక్కడే మిగిలిపోయింది.

కింద హాల్లో పెట్టెలన్నీ బావ దగ్గర ఉంచి, ఆడవాళ్లు గది తాళాలు అప్పగించడానికి వెళ్లారు. బావ కాగితం కప్పులో టీ తెచ్చి ఇచ్చాడు. తాగిన కాసేపటికే కడుపులో తిప్పింది. నేను మరుగుదొడ్డికి పరుగెత్తి, అక్కడ చాలాసేపు ఉండిపోయాను. ఆ కాసేపూ నాలుగు పెట్టెల దగ్గరా ఉన్నది బావ ఒక్కడే. నా పెట్టెకు తాళం లేదు, ఒట్టి జిప్పే.

విమానాశ్రయంలో కౌంటరు దగ్గర పెట్టె పెట్టగానే ఎర్ర అంకెలు వెలుగుతాయి. నాది ఇరవై ఐదు పాయింటు రెండు. బావది ఇరవై నాలుగు పాయింటు ఎనిమిది. అక్కది కాస్త ఎక్కువ, మా ఆవిడది కాస్త తక్కువ. కౌంటర్లోని అమ్మాయి అదనం అడగకుండా చీటీలు కట్టి పంపేసింది. జ్వరంలో కూడా ఆ అంకెలు నా తలలో కూర్చున్నాయి. గీత మీద నిలిపిన పెట్టె రెండు వందల గ్రాములు ఎందుకు పెరిగింది? ఆ సమయానికి అది కాటాల తేడా అనుకున్నాను.

విమానం ఎక్కాక చలి పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటక కొట్టుకున్నాయి. మా ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. ముందు సీట్లో ఉన్నాయన వెనక్కి తిరిగి చూసి మాస్కు పెట్టుకున్నాడు. ఆయన పక్కనున్నవాళ్లు కూడా పెట్టుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు నన్ను చూస్తున్నారు. నేను ఏదో కొత్త జబ్బు మోసుకొస్తున్నట్టు. నేను మాత్రం మధ్య దారికి అవతల కూర్చున్న బావనే చూస్తున్నాను. ఆ టీలో ఏముందా అని.

"ఏం జూస్తావప్పా అట్ల? నన్ను ఎప్పుడూ జూడనట్టు."

"నువ్వు టీ తాగినావా బావా?"

"నాకు టీ పడదని నీకు తెలీదా?"

నిజమే, ఆయన తాగడు. ముప్పై ఏళ్లుగా తెలుసు. అయినా ఆ మాట నాకు ఇంకో గుండుసూది.

బెంగళూరులో దిగేసరికి నేను నిలబడలేకపోయాను. బావ విమానంలోనే మాట్లాడి చక్రాల కుర్చీ ఏర్పాటు చేయించాడు. సామాను వచ్చే చోట మా పెట్టెలు రెండూ ఒక తోపుడు బండి మీద వేసి, నా కుర్చీ వెనకే నడవమని మా ఆవిడకు చెప్పాడు. తన పెట్టె, అక్క పెట్టె ఇంకో బండి మీద వేసుకుని వేరే వరుసలోకి పోయాడు. కుర్చీ వాళ్లను పక్క దారిలో పంపుతారు. అక్కడ నిలబడ్డ అధికారి నా మొహం చూశాడు, బండి వైపు చూడలేదు, పొమ్మని చెయ్యి ఊపాడు. వెనక వరుసలో కొందరి పెట్టెలు విప్పించి చూస్తున్నారు. బావ వాళ్లవీ విప్పించారట. అక్క తర్వాత చెప్పింది.

బయటికి రాగానే అక్కడి డాక్టరు చూసి, ఊరికి పంపే స్థితి కాదని అంబులెన్సు పిలిపించాడు. మూర్ఛ రాలేదు గాని మాటలు దూరం నుంచి వినిపిస్తున్నాయి. ఆదోని నుంచి వచ్చిన కారు సిద్ధంగా ఉంది. అక్కను, వాళ్ల రెండు పెట్టెలను అందులో ఊరికి పంపేసి బావ నాతో ఆసుపత్రికి వచ్చాడు. కారు కదలకముందు మా ఆవిడతో అన్నాడు.

"మీ పెట్టెలు గూడా కారులో ఏసేద్దాం. ఆసుపత్రిలో యాడ పెట్టుకుంటావమ్మా?"

"గుడ్డలు కావల్ల గదన్నా. ఉండనీ."

"ఆయప్ప పెట్టె ఒకటన్నా ఇయ్యి."

"ఆయన గుడ్డలే గదా కావల్సింది."

ఆయన కారు తలుపు వేసేశాడు.

ఆసుపత్రిలో మంచం ఎక్కించి సూదులు గుచ్చారు. ఏ మాత్రలు వాడుతున్నారో చెప్పమని నర్సు అడిగింది. మా ఆవిడ నా పెట్టె విప్పింది. మందుల సంచి లేదు. అది అక్క పెట్టెలో, అప్పటికే ఆంధ్రా దారి పట్టిన కారులో ఉంది. దాని కోసం గుడ్డలన్నీ తీస్తుంటే అడుగు నుంచి ఒక చేతి టవల్ వచ్చింది. గులాబి రంగు అంచు. గట్టిగా చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"ఇది మనది గాదే," అంది ఆవిడ. దాన్ని నా అరచేతిలో పెట్టింది.

నేను పాతికేళ్లుగా తూకం దగ్గర బతికినవాణ్ణి. గుడ్డ పోను లోపల ఉన్నది వంద గ్రాములకు దగ్గర. చిన్నది, బల్లపరుపుగా ఉంది, దాని సైజుకు మించిన బరువు. విప్పి చూడనవసరం లేకపోయింది. మా ఆవిడ విప్పింది. అగ్గిపెట్టె కన్నా చిన్న పసుపు బిళ్ల.

అప్పుడే బావ లోపలికి వచ్చాడు. కింద కౌంటర్లో అడ్వాన్సు కట్టి వస్తున్నాడు, రసీదు చేతిలోనే ఉంది. మంచం మీదున్న టవల్ చూశాడు. మా ఇద్దరి మొహాలు చూశాడు. దగ్గరికి వచ్చి, బిళ్లను మళ్లీ టవల్‌లో చుట్టి తన భుజం సంచిలో వేసుకున్నాడు.

"నాదే," అన్నాడు. ఆ తర్వాత నర్సు వైపు తిరిగి, "మాత్రల పేర్లు మా ఇంటామెకు ఫోన్ చేసి చెప్పిస్తా," అన్నాడు.

నాలుగు రోజులున్నాను. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షను రక్తంలోకి ఎక్కిందని, షుగరు ఉన్నవాళ్లు ఆ ఎండల్లో నీళ్లు తాగకుండా తిరిగితే ఇలాగే అవుతుందని ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. రోజుకు ఎన్ని గ్లాసులు తాగానని అడిగింది. చెప్పాను. ఆవిడ రాసుకోవడం ఆపి నా వైపు చూసింది. దాంతో టీ మీద నా అనుమానం పోయింది. టవల్ మీద పోలేదు.

ఆ నాలుగు రోజులూ బావ అక్కడే ఉన్నాడు, బయటి వరండాలో ఇనుప కుర్చీల మీద. నాకు బత్తాయి రసం తెచ్చేవాడు, మా ఆవిడకు ఇడ్లీ పొట్లం. సంచి మాత్రం భుజం మీద నుంచి దించలేదు. చివరి రోజు మొత్తం బిల్లు ఎనభై నాలుగు వేల రెండు వందల యాభై రూపాయలు ఆయనే కట్టాడు. చీటీ డబ్బు దుబాయిలో అయిపోయింది, నా ఖాతాలో ఆరు వేలున్నాయి. ఇంటికి వెళ్లాక ఇస్తానన్నాను.

"ముందు నీళ్లు తాగు," అన్నాడు.

ఎమ్మిగనూరుకు వచ్చి మూడు వారాలు ఇంట్లో పడుకున్నాను. పని లేని మనిషికి లెక్కలే పని. నా పెట్టెలోకి టవల్ వచ్చే దారులు రెండే. నేను సమం చేసేటప్పుడు నా చేత్తో వేసి ఉండాలి. లేదా నేను మరుగుదొడ్డిలో ఉన్నప్పుడు ఆయన వేసి ఉండాలి. మూడు కిలోలు తగ్గించడానికి ఇస్త్రీ పెట్టె, బాదం మారుస్తారు గాని, చిన్న టవల్ ఎవరు మారుస్తారు? పైగా గదిలో గీత మీద నిలిచింది, కౌంటర్లో రెండు వందల గ్రాములు పెరిగింది. టవల్, బిళ్ల కలిపితే అంతే. ఆయనది సరిగ్గా అంతే తగ్గింది. నాకు నడవడానికి చేతకాదని, కుర్చీలో పక్క దారిన పోతానని ముందే తెలిసినవాడిలా కుర్చీ పిలిపించింది ఆయనే. పెట్టె కారులో వేద్దామని పట్టుబట్టింది ఆయనే. ఎవరైనా నా పెట్టె విప్పి ఉంటే పాస్‌పోర్టు నాది, సంతకం నాది, జైలు నాది.

ఇదంతా మా ఆవిడకు చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూ విన్నది.

"కాటానే మర్చిపోయి వచ్చిన మనిషివి. టవల్ వేసినావో లేదో నీకు గుర్తుంటాదా?"

"మందుల సంచి వేసింది గుర్తుంది గదా."

"నువ్వు ఒక టవల్ పట్టుకొని అటూ ఇటూ తిప్పుతాంటివి. నేను జూసినా."

"అంచు ఏ రంగు?"

"అంత జూడలేదు."

ఆ జవాబు నన్ను ఇంకా పాడు చేసింది.

కాళ్లలో బలం వచ్చాక ఆదోని బస్సెక్కాను. అప్పటికి కొత్త పత్తి మొదలైంది. యార్డు నిండా తెల్లటి కుప్పలు, ఎద్దుల బండ్లు తక్కువ, ట్రాక్టర్లు ఎక్కువ. నా కాటా పక్క కుర్చీ ఖాళీగా ఉంచారు. బావ ఒక కుప్ప ముందు గొంతు కూర్చుని, గుప్పెడు పత్తి తీసి రెండు బొటనవేళ్ల మధ్య పింజ లాగి పోగు పొడవు చూస్తున్నాడు. నేను కుర్చీలో కూర్చోలేదు.

"రాప్పా. సగమైపోయినావే. ఇప్పుడు నిన్ను గూడా ఇంకొకనితో సమం చేయల్ల."

"ఆ టవల్ నా పెట్టెలోకి ఎట్ల వచ్చింది బావా?"

ఆయన పింజ లాగడం ఆపలేదు.

"నువ్వే గదా పెట్టెలన్నీ తిరగేసింది. నేను మంచం దిగితినా?"

"మూడు కిలోలు తగ్గించేటోడు టవల్ యాల మారుస్తాడు?"

"ఆఖర్న చిటికెడు చిటికెడు మార్చేది ఎవురు? యార్డంతా నవ్వుతాది గదప్పా దానికి."

అది నా పద్ధతే. అంకెలు చెప్పాను: గదిలో ఇరవై ఐదు, కౌంటర్లో పాయింటు రెండు ఎక్కువ.

"రెండు కాటాలు ఎప్పుడన్నా ఒకటే జూపిస్తాయా? ఈ యార్డులోనే జూపీయవు. మీ అక్క పెట్టె గూడా తేడా వచ్చింది. దాంట్లో గూడా నేను బంగారం పెట్టినానా?"

"లోపల ఏముందో నీకు తెలుసు. నాకు తెలీదు. తెలిసినోడు చెప్పల్ల గదా."

అప్పుడు మాత్రం ఆయన పత్తి కింద పడేసి, చేతులు దులుపుకుని లేచాడు. చుట్టూ హమాలీలు ఉన్నారు. గొంతు తగ్గించాడు.

"చెప్పింటే నువ్వేం జేసింటావు? ఆడనే పెట్టె ఎత్తుకొని పోయి వాళ్ల ముందర పెట్టి, ఇదో దీనికి పన్నెంత అని అడిగింటావు. నాకు తెలీదా నువ్వు?"

"అడిగింటాను."

"అందుకే చెప్పలేదు. పెట్టలేదు గూడా."

"రెండిట్లో ఏది నమ్మల్ల?"

"నీ ఇష్టం. కాటా కాడ కూచుంటావా, ఎండలో నిలబడతావా?"

నేను బస్సెక్కి వచ్చేశాను. ఆ సీజను మళ్లీ వెళ్లలేదు. ఆ కుర్చీలో ఇంకెవరినీ కూర్చోబెట్టలేదని విన్నాను. కాటా ఆయనే చూసుకున్నాడట, రైతులతో రెండు మూడు పేచీలు కూడా పడ్డాడట. అది నా మీద అభిమానమా, లేక కొత్తవాడిని పెడితే ఎందుకు పెట్టావని నలుగురూ అడుగుతారన్న భయమా? రెండు వైపులా తూగుతుంది.

నాకు మిగిలింది ఆసుపత్రి బాకీ. ఆయనకు ఇచ్చేస్తే, మధ్యలో ఏమీ లేకుండా, అనుమానం అనుమానంగా ఉంటుంది. ఇవ్వకపోతే, అది మోసినందుకు కూలి తీసుకున్నట్టవుతుంది. తెలిసిన బంగారం సేటు ఒకాయనను, ఎవరి సంగతో చెప్పకుండా, అలాంటి బిళ్లకు పన్ను కట్టి తెచ్చుకుంటే ఎంతవుతుందని అడిగాను. ఆయన చెప్పిన మొత్తం పక్కన ఆసుపత్రి బిల్లు చిన్నదే. అది విన్నాక ఒక్క రోజు కూడా ఆగబుద్ధి కాలేదు. బ్యాంకులో గడువుకు వేసిన డబ్బు ముందే తీసి, ఎనభై నాలుగు వేల రెండు వందల యాభై బావ ఖాతాకు ఫోనులో పంపాను.

గంటలో తిరిగి వచ్చింది. ఒక రూపాయి ఎక్కువతో.

మాలో పెళ్లికి గాని, గృహప్రవేశానికి గాని, సున్నాతో ముగిసే మొత్తం చదివించరు. పైన ఒక రూపాయి పెడతారు. ఆ రూపాయి పెడితే అది కట్నం, బాకీ కాదు. అంటే ఆయన నా డబ్బును నాకే చదివించాడు. పోనీ పొరపాటేమోనని ఎనభై నాలుగు వేల రెండు వందల యాభై ఒకటి మళ్లీ పంపాను. ఇంకో రూపాయి చేరి తిరిగి వచ్చింది. ఈసారి మొత్తం నోట్లుగా తెచ్చి కవరులో పెట్టి, యాభై రెండు పూర్తయ్యేలా చిల్లర కూడా వేసి, ఆదోని పోయే పక్కింటాయనతో అక్కకు పంపాను. ఆమె చేతిలో పెడితే ఆయన వెనక్కి నెట్టలేడని నా లెక్క.

మూడో రోజు అక్కే బస్సులో వచ్చింది. పళ్లెంలో ఆకులు, వక్కలు, రెండు కొబ్బరి చిప్పలు, నా కవరు. కవరు మీద కుంకుమ బొట్టు, దాని పైన ఒక రూపాయి బిళ్ల. మా ఆవిడకు బొట్టు పెట్టి, పళ్లెం నా ముందు పెట్టింది.

"అక్కా, ఇది నేను తీసుకోను."

"నువ్వు తీసుకోకుంటే నేను బస్సెక్కను. నాకు మోకాళ్ల నొప్పి, రెండుసార్లు తిరగలేను."

"ఆ పొద్దు ఆయన పెట్టినాడా లేదా? నీకు తెలిసే ఉంటాది."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"అడిగినా. నీకు చెప్పిందే నాకూ చెప్పినాడు. నీకు అనుమానముంటే ఉండనీరా తమ్ముడూ. నాకు గూడా శానాసార్లు శానా వాటి మీద ఉండాది. ముప్పై ఏండ్లు సంసారం జేయలేదా?"

"సంసారం వేరు. ఇది నా పాస్‌పోర్టు మీద వచ్చింది."

"నాలుగు దినాలు ఇనుప కుర్చీ మీద పండుకున్నోడు గూడా ఆయనే. అది యాడ రాసుకున్నావు?"

"సంచి దించకుండా పండుకున్నాడక్కా."

"దించితే పోదా మరి?" అంది. తన మాటకు తనే నవ్వింది. మా ఆవిడ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు గాని, కోపం కూడా రాలేదు.

ఆమె అన్నం తిని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. పళ్లెం మా ఇంట్లోనే వదిలేసింది. కవరు విప్పి లెక్కపెట్టాను. నోట్లు నేను పంపినవే, వరుస కూడా మారలేదు. బొట్టు మీది రూపాయి బిళ్ల చేరింది.

ఆ తర్వాత ఇంకోసారి పంపలేదు. పంపితే ఒకటి పెరుగుతుంది, అంతే. బావ పండగలకు ఫోన్ చేస్తాడు, నేను మాట్లాడతాను. నీళ్లు తాగుతున్నావా అని అడుగుతాడు. తాగుతున్నానంటాను. ఆ మాట ఆయన నా ఆరోగ్యం కోసం అడుగుతాడో, జబ్బు నా తప్పు వల్లే వచ్చిందని గుర్తు చేయడానికి అడుగుతాడో నేను ఇప్పటికీ చెప్పలేను. ఈసారి పత్తికి రమ్మన్నాడు. బాకీ తీసుకుంటే వస్తానన్నాను. వస్తే చూద్దామన్నాడు. ఎవరూ ముందు కదలలేదు.

ఆ డబ్బు ఆ కవరులోనే ఉంది. నేను దాన్ని ఖర్చు పెట్టలేదు, బ్యాంకులో వేయలేదు. నా లెక్క ప్రకారం అది నాది కాదు. ఈ రోజుకు మా బావకు నేను ఇవ్వాల్సింది ఎనభై నాలుగు వేల రెండు వందల యాభై మూడు రూపాయలు.